నలుగురిలో కూత

కళింగపట్నం ప్రధాన వీధి నడిమధ్య నిలబడి ఒక గేదె నోరంతా తెరిచి అరిచింది. ఎవరికీ వినిపించలేదు. దాని మెడ నరాలు ఉబ్బాయి, తోక రెండు పక్కలా కొట్టుకుంది, ముట్టె మీంచి నురగ జారింది. వెనక ఆగిపోయిన బండ్లు ఆగిపోయినట్టే ఉన్నాయి. వినేవాళ్లు లేరని తెలిశాక బండ్లకు హారన్లు బిగించడమే మానేశారు.

జస్టిస్ తామాడ శర్వాణి తన బండి అద్దంలోంచి ఆ గేదెను చూస్తూ కూర్చుంది. తొందరేమీ కలగలేదు. ఇంత పెద్ద రేవు పట్టణం, ఇంత రద్దీ, చెవికి మాత్రం చీమ నడిచిన చప్పుడైనా లేదు. ఆ నిశ్శబ్దం ఆమెకు ఇష్టం.

వీధి పొడవునా దీపస్తంభాల మధ్య సన్నటి మౌనస్తంభాలు నిలబడి ఉన్నాయి. పుట్టిన ప్రతి ధ్వనికీ అవి ఎదురుధ్వనిని పుట్టిస్తాయి. రెండూ కలిసి సున్నా అవుతాయి. అలాంటి స్తంభాలన్నిటినీ కలిపి మౌనఛత్రం అంటారు. ఇళ్ల లోపల దానికి పని లేదు. గడప దాటి బయట అడుగుపెడితే, చేయి చాచినంత దూరం దాటిన ఏ చప్పుడైనా ఛత్రం మింగేస్తుంది. మాట చేరాలంటే చెవిపూస కావాలి. కందిగింజంత ఉండే ఆ పూసను చెవి వెనక అతికించుకుంటారు. అది తన మనిషి గొంతును గుర్తుపట్టి, బొంగురూ జీరా తీసేసి నునుపు చేసి, వినడానికి ఒప్పుకున్నవాళ్ల పూసకు పంపుతుంది. పక్కపక్కన నడిచే స్నేహితులు కూడా పూసలోనే మాట్లాడుకుంటారు. అలవాటైపోయింది. నునుపు గొంతులు విన్న చెవికి మామూలు గొంతు గరుకుగా తగులుతుంది.

సమాఖ్యలోని రాష్ట్రాలన్నిటా ఛత్రం పరిచి ఇరవయ్యేళ్లయింది. గుండె జబ్బులు తగ్గాయి. చంటిపిల్లలు పట్టపగలు సంతలో తల్లుల భుజాల మీద నిద్రపోతున్నారు. ఇదంతా అబద్ధమని ఎవరూ అనలేరు. అయినా ఆ రోజు ఉదయం శర్వాణి వినబోయే వ్యాజ్యం ఆ ఛత్రం మీదే.

గేదె యజమాని పరుగున వచ్చి పలుపు పట్టుకుని పక్కకు లాగాడు. బండి కదిలింది.

*

రాష్ట్ర ధర్మాసనంలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ప్రధాన న్యాయమూర్తి వేమకోటి నరహరి, ఆయనకు కుడివైపు జస్టిస్ రెహానా, ఎడమవైపు శర్వాణి. న్యాయమందిరం బహిరంగ స్థలమే కాబట్టి అక్కడా ఛత్రమే, అక్కడా పూసలే.

వ్యాజ్యం వేసింది కిల్లి దమయంతి. నదీముఖం దగ్గరి మైదానంలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతుంది. కబడ్డీకి ప్రాణం కూత. అవతలి బరిలోకి వెళ్లిన మనిషి ఒక్క ఊపిరిలో, గుక్క తిప్పుకోకుండా కూత పెడుతూ ఎవరినైనా తాకి తిరిగి నడిగీత చేరాలి. కూత తెగితే ఔటు. ఛత్రం వచ్చాక కూత రిఫరీకి వినిపించకుండా పోయింది. దాంతో సమాఖ్య క్రీడామండలి ఊపిరిపట్టీ అనే పరికరం తెచ్చింది. ఛాతీకి కట్టుకుంటే చాలు, ఊపిరి తీసుకున్న క్షణాన్ని అది రిఫరీ పూసకు చెప్పేస్తుంది. కూత అవసరమే లేదు. దేశమంతా అలాగే మూగగా ఆడుతున్నారు. దమయంతి పిల్లలు మాత్రం పట్టీ కట్టుకోమని మొండికేశారు. వాళ్ల జట్టును పోటీల నుంచి తప్పించారు. కూత వినిపించేలా మైదానం మీది ఛత్రం తొలగించాలన్నది ఆమె కోరిక.

ఛత్ర మండలి తరఫున జామి సులోచన లేచింది. పట్టణంలో ఆమెను మించిన న్యాయవాది లేదని పేరు.

"అయ్యా, ఇది కొత్త ప్రశ్న కాదు. సమాఖ్య న్యాయస్థానం దీన్ని ఎప్పుడో తేల్చింది. పౌరుడికి ఉన్నది భావప్రకటన స్వేచ్ఛ. భావం చెవిపూస ద్వారా క్షేమంగా చేరుతూనే ఉంది. ధ్వని ఆ భావాన్ని మోసే బండి మాత్రమే. బండి మార్చినంత మాత్రాన సరుకు పోదు కదా! ఇలాంటి హక్కుల్లో మన ధర్మాసనం ఎప్పుడూ అడుగుజాడ సూత్రమే పాటించింది. సమాఖ్య చెప్పిన అర్థమే మనకూ అర్థం. సరిహద్దు దాటిన ప్రతిసారీ హక్కుల అర్థం మారిపోతే సామాన్యుడు ఏమైపోవాలి?"

నరహరి నెమ్మదిగా తల పంకించాడు. అడుగుజాడ సూత్రం ఆయనకు ప్రాణం. దమయంతి తరఫు న్యాయవాది దువ్వారపు అచ్యుత్ యువకుడు. గౌను ఇంకా భుజాలకు అలవాటు పడలేదు.

"అయ్యా, మాటలు ఒకటే అయితే అర్థమూ ఒకటే కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ మాటలు వేరు. సమాఖ్య రాజ్యాంగం 'భావప్రకటన' అంది. మన రాష్ట్ర రాజ్యాంగం రాసుకున్నవాళ్లకు ఆ మాట తెలియక కాదు, చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. దాన్ని తీసుకోలేదు. 'ప్రతి మనిషికీ నలుగురిలో గొంతెత్తే హక్కు ఉంది' అని రాశారు. సమాఖ్య ఇచ్చిన హక్కు పునాది లాంటిది. అంతకన్నా కిందికి ఏ రాష్ట్రమూ దిగకూడదు. పైన ఇంకో అంతస్తు వేసుకుంటే కాదనేవాళ్లు లేరు. గోదావరి రాష్ట్ర ధర్మాసనం నీటి హక్కు విషయంలో తన రాజ్యాంగం మాటల్నే చదువుకుంది గానీ సమాఖ్య వైపు చూడలేదు."

"సరే. అలా రాయడంలో వాళ్ల ఉద్దేశం ఏమిటి? రాజ్యాంగ సభలో చర్చ జరిగి ఉంటుంది కదా?" అడిగింది రెహానా.

అచ్యుత్ ఇబ్బందిగా మెడ సవరించుకున్నాడు. "జరగలేదమ్మా. ఆ వాక్యం సరిగ్గా భోజనాల ముందు వచ్చింది. అందరూ ఒక్కసారి చేతులెత్తి లేచి వెళ్లిపోయారు."

మందిరంలో అందరి భుజాలూ కదిలాయి. నవ్వును పూసలు మాటగా లెక్కించవు, ఎవరికీ పంపవు. ఎవరి నవ్వు వాళ్లలోనే ఉండిపోయింది.

శర్వాణి జట్టు నాయకురాలిని బోను దగ్గరికి రమ్మంది. లంక పైడితల్లి ఇరవయ్యేళ్ల పిల్ల. మోకాళ్ల నిండా గీరుడు గుర్తులు, కళ్లలో బెదురు లేదు.

"ఊపిరిపట్టీ కట్టుకోవడానికి నీకేమిటమ్మా అభ్యంతరం? తప్పుగా చెబుతుందా?"

"తప్పు సెప్పదండి. రిఫరీ కంటే బాగా సెప్తాది."

"మరి?"

"అది నా ఊపిరి సూసుకుంటాదండి. కూతంటే ఊపిరొక్కటే కాదు కదండీ. ఎదుటోల్లని బెదిరించీడానికి కూత. ఆల్లు ఏడుగురూ ఇనాల, ఆల్ల ఎనకాల జనం ఇనాల. నా కూత పట్టీ ఇంటే ఏటి లాభం? పట్టీ బయపడతాదా?"

సులోచన కూడా తల వంచుకుని నవ్వు రాకుండా పెదవి బిగబట్టింది. నరహరి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కాగితాల మీద ఇది తేలేలా లేదు," అన్నాడాయన చివరికి. "మైదానానికి వెళ్లి చూద్దాం. ఛత్ర మండలివారు అక్కడ ఒక గంటసేపు ఛత్రం ముడిచే ఏర్పాటు చెయ్యాలి."

*

మరునాడు సాయంత్రం ముగ్గురూ నదీముఖం దగ్గరికి వెళ్లారు. సరుగుడు తోపు పక్కన చదును చేసిన ఎర్రమట్టి మైదానం. సంగతి తెలిసి రెండు మూడొందల మంది వచ్చారు. ముందుగా పిల్లలు ఛత్రం కిందే కాసేపు ఆడారు. పెదవులు ఆడుతున్నాయి, కాళ్లు దుమ్ము రేపుతున్నాయి, శరీరాలు ఢీకొంటున్నాయి. అద్దం వెనక చేపలను చూసినట్టుంది. శర్వాణికి ఆవలింత వచ్చింది.

ఇంజనీరు ఒక మౌనస్తంభం దగ్గర వంగి ఏదో తిప్పాడు.

ముందు వినిపించింది మనుషులు కాదు. తోపు వెనకనుంచి పెద్దగా, బరువుగా, ఆగి ఆగి ఒక హోరు వచ్చింది. జనం అటు తిరిగారు. నిన్నటిదాకా కంటికి మాత్రమే కనిపించిన సముద్రం అది. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన కుర్రకారు చాలామంది దాని గొంతు ఎప్పుడూ వినలేదు. ఒక తల్లి చంకలోని పిల్ల బెదిరి ఏడ్చింది. ఆ ఏడుపు విని పక్కనున్న పది మంది ఒక్కసారి ఆ పిల్లవైపు చూశారు. ఎవరి ఏడుపో వెతుక్కోకుండానే తల సరిగ్గా అటు తిరగడం చూసి తల్లే ఆశ్చర్యపోయింది.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

పైడితల్లి కూతకు వెళ్లింది. నునుపు లేదు ఆ గొంతులో. గరుకుగా, పదునుగా ఉంది. అవతలి బరిలో పిల్లలు ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఆమె గొంతు పెంచింది. వాళ్లు ఇంకో అడుగు వెనక్కి వేశారు. చూస్తున్నవాళ్ల ఊపిరి కూడా ఆమె ఊపిరితో పాటే ఆగిపోయింది. శర్వాణి తను ఊపిరి బిగబట్టానని గమనించి ఉలిక్కిపడింది.

అవతలి జట్టులో బొద్దుగా ఉన్న ఒక పిల్ల ధైర్యం చేసి పైడితల్లి కాలు పట్టుకోబోయింది. పైడితల్లి ఎగిరి తప్పించుకుంది. ఆ పిల్ల పట్టు తప్పి అలాగే ముందుకు దొర్లి, హద్దు దాటి, నేరుగా వెళ్లి ప్రధాన న్యాయమూర్తి వేమకోటి నరహరి రెండు కాళ్లనూ గట్టిగా వాటేసుకుంది.

ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.

అప్పుడు మట్టిలో వెల్లకిలా పడి ఉన్న నరహరి, ఇంకా తన కాళ్లు వదలని ఆ పిల్లను చూసి, "వదులమ్మా, నేను ఔటయ్యాను" అన్నాడు.

నవ్వు ఒక మూల మొదలై మైదానం అంచుల దాకా పాకింది. ఆగిందనుకుంటే ఎవరో ముసలాయన గుర్రుమంటూ నవ్వాడు, ఆ గుర్రుకు మళ్లీ అందరూ నవ్వారు. సులోచన పొట్ట పట్టుకుని నేల మీద కూలబడింది. శర్వాణి నవ్వింది, ఆపుకోవాలనుకుంది, పక్కన రెహానా నవ్వు చెవిన పడి మళ్లీ నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవయ్యేళ్లుగా తను జోకు తర్వాత జోకు విని నవ్వుతూనే ఉంది, కానీ నలుగురి మధ్య ఒక్కసారైనా ఇంకొకరి నవ్వు వల్ల నవ్వలేదని ఆమెకు అప్పుడు తట్టింది.

ఆ నవ్వులో ఏ భావమూ లేదు, పూసలో పంపడానికి. ఒకరి నుంచి ఇంకొకరికి చేరవేయాల్సిన సరుకే లేదు. అయినా అక్కడున్న అందరికీ అది ఒకేసారి దక్కింది. 'నలుగురిలో' అన్న మాటను ఆమె నిన్నటిదాకా 'బహిరంగంగా' అనే చదువుకుంది. అది కాదనిపించింది.

*

ఇంటికి వెళ్లి భోజనాల దగ్గర తల్లికి అంతా చెప్పింది.

తవిటమ్మ ట్రాఫిక్ పోలీసుగా ముప్ఫయ్యేళ్లు కూడళ్లలో నిలబడిన మనిషి. ఛత్రం రాకముందే హారన్లు ఆమె రెండు చెవులూ తినేశాయి. పెదవులు చూసి మాట పట్టడం అప్పుడే నేర్చుకుంది. కూతురు చెప్పిందంతా పెదవుల మీద చదివి, కంచంలో చేయి అలాగే ఉంచింది.

"తీసేత్తావేటి ఛత్రం?"

"తీసెయ్యడం కాదమ్మా. కొన్ని చోట్ల..."

"కొన్ని సోట్ల మొదలెడతారు. ఎనకాలే హారన్లు బిగిత్తారు. నువ్వు సిన్నపిల్లవి, నీకేటి తెలుస్తాది ఆ రోత. తల పగిలిపోయీది."

"హారన్లు రానివ్వను."

తవిటమ్మ కంచం పక్కకు జరిపింది. తర్వాత గొంతు తగ్గించి అంది. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియదు కాబట్టి తగ్గించడం కూడా పెద్దగానే వినిపించింది.

"అది కాదు శర్వా. ఛత్రం ఒచ్చినాక వీధిలోకి ఎల్తే నాకూ అందరికీ తేడా నేదు. అందరూ నాలాటోల్లే అయిపోనారు. నువ్వు గొంతులు తెరిపించేత్తే మల్లీ నానొక్కదాన్నే సెవిటిదాన్ని."

ఏ న్యాయవాదీ ధర్మాసనం ముందు పెట్టని వాదన అది. శర్వాణి తల్లి చేతి మీద చేయి వేసి కూర్చుంది.

తీర్పు రాసేటప్పుడు ఆ మాట ఆమెను వదల్లేదు. రెహానా మొదటినుంచీ వ్యాజ్యం ఒప్పుకోవాలనే ఉంది. నరహరి మాత్రం ఒప్పుకోలేదు.

"శర్వాణీ, ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. నాకు నవ్వొచ్చిందని చట్టం అర్థం మారకూడదు కదమ్మా," అన్నాడాయన తన గదిలో టీ పోస్తూ. "రేపు ఇంకెవరికో ఏడుపొస్తుంది. అప్పుడూ మారుస్తామా?"

"నవ్వొచ్చిందని కాదండి. మన రాజ్యాంగంలో ఉన్న మాట సమాఖ్య రాజ్యాంగంలో లేదు. ఆ మాటకు పని లేదనుకుంటే దాన్ని కొట్టేసినట్టే. కొట్టేసే అధికారం మనకు లేదు. పని ఉందనుకుంటే, ఆ పనేమిటో ఎక్కడో ఒకచోట చూడాలి కదా. నేను మైదానంలో చూశాను."

"చక్కగా రాయి మరి. నేను ఎందుకు కాదంటున్నానో నేనూ చక్కగా రాస్తాను."

ఆమె రాసింది. గొంతెత్తే హక్కు మాట్లాడేవాడి ఒక్కడి హక్కు కాదని, కలిసి వినేవాళ్లది కూడానని రాసింది. భావం చేరడం ఒక సంగతి, నలుగురూ ఒకే క్షణంలో, ఒకరి ఎదుట ఒకరు దాన్ని వినడం వేరే సంగతి. మన రాజ్యాంగం రెండోదాన్ని కూడా ఇచ్చింది. అయితే ఆ హక్కు మనిషి గొంతుది. హారన్లకూ ఇంజన్లకూ లౌడ్‌స్పీకర్లకూ గొంతు లేదు కాబట్టి వాటికి హక్కూ లేదు. వాటిపై ఛత్రం ఎప్పటిలాగే ఉంటుంది. మైదానాల్లో, సభాస్థలాల్లో పొద్దు గుంకేదాకా మనుషుల గొంతు ఛత్రంలోంచి విడుదల కావాలి. వినలేనివాళ్లు కూర్చునే వరస అన్నిటికన్నా ముందుండాలి, ఆడేవాళ్ల ముఖాలు కనిపించేంత దగ్గరగా. చివర ఒక వాక్యం చేర్చింది: ఈ తీర్పు సమాఖ్య రాజ్యాంగంలోని ఏ మాట మీదా ఆధారపడలేదు, పూర్తిగా మన రాష్ట్ర రాజ్యాంగం మీదే నిలబడింది.

ఇద్దరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. సులోచన తీర్పును ఆ చివరి వాక్యం దాకా చదివి, అప్పీలుకు సిద్ధం చేసుకున్న కాగితాలను పక్కన పెట్టేసింది. రాష్ట్రం తన సొంత మాటలకు చెప్పుకున్న అర్థంలో వేలు పెట్టడానికి సమాఖ్య న్యాయస్థానానికి సందు లేదు.

"తలుపు బాగా బిగించారమ్మా," అంది శర్వాణితో పూసలో. ఆ మాటలో కోపం కన్నా మెచ్చుకోలే ఎక్కువగా ఉంది.

*

ఆ ఆదివారం పలాస జట్టుతో మొదటి కూత పోటీ పెట్టారు. పూసలు తీసేసి రావాలని దమయంతి చెప్పింది. ఊరు ఊరంతా వచ్చింది. పల్లెల నుంచి కూడా జనం వచ్చారు. తవిటమ్మ రానంటే రానంది. ముందు వరస తన కోసమే వేశారని తెలిశాక, సూసొత్తానులే అని చీర మార్చుకుంది.

ఆట మొదలైన కాసేపటికే ఎవరికీ ఒళ్లు తెలియలేదు. అరవడం ఎలాగో మరిచిపోయినవాళ్లకు మొదట కీచుగొంతులు, దగ్గులు వచ్చాయి. తర్వాత అసలు గొంతులు వచ్చాయి. పైడితల్లి కూతకు లేచినప్పుడల్లా జనం కూడా ఆమెతో కలిసి కూత పెట్టారు. తవిటమ్మ మొదట చేతులు కట్టుకుని బిగుసుకు కూర్చుంది. కొంతసేపటికి అరచేతిని రొమ్ము మీద పెట్టుకుని శర్వాణి వైపు తిరిగింది.

"ఇక్కడ కొడతందే!" అంది విస్తుపోతూ. వెనక కూర్చున్న వేల మంది అరుపు ఆమె పక్కటెముకల్లో మోగుతోంది.

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. కూడలిలో లారీలను ఆపిన గొంతు అది. "దాని కాలట్టుకోండే! కాలు! కాలు!" అని ఆమె అరుస్తుంటే పలాస పిల్లలు కూడా తిరిగి చూశారు.

చివరి కూతకు రెండు జట్లకీ పాయింట్లు సమానం. పైడితల్లి వెళ్లింది. ఇద్దరిని తాకింది. తిరిగి వస్తుండగా ముగ్గురు మీద పడి నడుము పట్టేశారు. కూత ఆపలేదు. మట్టిలో పాకుతూ, గీస్తున్న గొంతుతో కూత పెడుతూనే చేయి చాచింది. వేలు నడిగీతకు తగిలింది. కూత తెగింది.

ఏది ముందు?

రిఫరీ ఒక క్షణం ఆలోచించి, కూతే ముందు తెగిందని చేయెత్తాడు. పలాస గెలిచింది. జనం గగ్గోలు పెట్టారు. పొద్దు గుంకి ఛత్రం మళ్లీ విచ్చుకునేదాకా ఒక్కరూ ఇళ్లకు కదల్లేదు.

*

సోమవారం ఉదయం శర్వాణి "అమ్మా" అని పిలవబోతే నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది.

ఆమెకే కాదు. ఊళ్లో సగం మందికి గొంతు పోయింది. ఇరవయ్యేళ్లు నునుపు మాటలకే వాడిన గొంతులు ఒక్క సాయంత్రం అరుపుకే చితికిపోయాయి. అసలు చిక్కు అది కాదు. చెవిపూస తన మనిషి గొంతును గుర్తుపడితేనే పని చేస్తుంది. బొంగురుపోయిన గొంతు దానికి పరాయి గొంతు. ఎంత ప్రయత్నించినా 'గొంతు సరిపోలలేదు' అని చెప్పి మూసుకుంది. మనుషులు ఇలా గొంతులు పోగొట్టుకుంటారని దాన్ని తయారుచేసినవాళ్లకు తోచలేదు. వాళ్లు అరుపులు లేని ఊరి కోసం కదా చేసింది.

తవిటమ్మ గుమ్మం ముందు పొద్దున్నే ఇరుగుపొరుగు పోగయ్యారు. పెదవులు చదవగలిగిన మనిషి ఆ వీధిలో ఆమె ఒక్కతే. పాలవాడు చెప్పేది ఎదురింటావిడకు, ఎదురింటావిడ చెప్పేది పాలవాడికి అందిస్తూ ఆమె అరుగు మీద కూర్చుంది. ఆమె గొంతు ఏ మాత్రం చెక్కుచెదరలేదు, పూస మామూలుగానే పని చేస్తోంది. "ఒక్కొక్కలే రండర్రా! సంతలాగ మీద పడకండి!" అని గదమాయిస్తోంది.

ధర్మాసనంలో బంట్రోతు వ్యాజ్యం పేరు పిలవడానికి నోరు తెరిచి, మూసి, చేతులతో సైగ చేశాడు. మొదటి వ్యాజ్యం ఇద్దరు అన్నదమ్ములది. రెండిళ్ల మధ్య గోడ ఎవరిదన్న తగాదా. ఏళ్ల తరబడి ఒకరి గొంతు ఒకరు తమ పూసలో వినడానికి ఒప్పుకోలేదు. న్యాయవాదుల ద్వారానే మాట్లాడుకుంటున్నారు. అన్న తరఫున సులోచన, తమ్ముడి తరఫున అచ్యుత్. ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఇద్దరి పెదవులూ కదిలాయి. ఎవరి పూసలోనూ ఏమీ రాలేదు.

నరహరి విసుగ్గా తన పూసను తట్టి ఏదో చెప్పబోయాడు. ఆయన నోట్లోంచీ గాలే వచ్చింది. శర్వాణి ఆశ్చర్యంగా చూసింది. తీర్పును కాదన్న పెద్దాయన ఆదివారం మైదానంలో ఎక్కడా కనిపించలేదు. ఆమె చూపు గమనించి ఆయన, తలకు తువ్వాలు చుట్టుకుని మొహం దాచుకున్నట్టు చేత్తో చూపించి, సిగ్గుపడుతూ నవ్వాడు.

చివరికి శర్వాణి చేయెత్తి అందరినీ దగ్గరికి రమ్మంది. చేయి చాచినంత దూరంలో ఉంటే ఛత్రం ఏమీ చెయ్యదు. ముగ్గురు న్యాయమూర్తులు పీఠం దిగివచ్చారు. న్యాయవాదులు, అన్నదమ్ములు, బంట్రోతు, అందరూ ఒకే బల్ల చుట్టూ తలలు దగ్గరపెట్టి వంగారు. గుసగుసగా అయినా మాట వినిపిస్తోంది.

అన్న మొదలుపెట్టాడు. "ఆ గోడ మా నాన్న..." అనబోయి కీచుమన్నాడు.

తమ్ముడు ఉలిక్కిపడి మొహంలోకి చూశాడు. "నువ్వూ ఎల్లినావేటి?"

"ఎల్లకేటి? నువ్వెక్కడ కూకున్నావు?"

"తోపు పక్క."

"నాను నది పక్క. గట్టిగా అరిసింది నువ్వేనా, 'తగిలింది, తగిలింది' అని?"

"తగిలింది కాబట్టే అరిసేను! ఏలు ముందే తగిలింది."

"నేదురా. కూత ముందు తెగింది. నాకు దగ్గిరే కదా, సెవులారా ఇన్నాను."

"నువ్వు ఇన్నది పక్కోడి దగ్గు అయ్యుంటాది!"

అచ్యుత్ తమ్ముడి వైపు మొగ్గాడు. వేలు తగిలాక ఇంకా కూత సాగిందని అతని వాదన. సులోచన తల అడ్డంగా ఊపి, రిఫరీ నిర్ణయంలో తప్పు పట్టడానికి ఏమీ లేదంది. ఊపిరిపట్టీ ఉండి ఉంటే క్షణంలో తేలిపోయేదని బంట్రోతు గొణిగితే, బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ అతని వైపు కోపంగా చూశారు. గోడ సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. తమ్ముడు చెప్పేది వినపడక అన్న అతని భుజం మీద చేయి వేసి దగ్గరికి లాక్కున్నాడు. ఆ చేయి మళ్లీ తియ్యలేదు.

శర్వాణి వాళ్లను వారించాల్సింది. దానికి బదులు తనూ ఇంకాస్త వంగి, బొంగురు గొంతుతో అంది: "వేలే ముందు. నేను మొదటి వరసలో ఉన్నాను."

"కాదు," అన్నాడు నరహరి. "కూతే."

ఇద్దరూ రెహానా వైపు తిరిగారు.

రెహానా కళ్లు మూసుకుని, ఆ కూత చివరి క్షణాన్ని మరోసారి చెవుల్లోకి తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. మిగిలినవాళ్లంతా ఊపిరి బిగబట్టి ఆమె పెదవుల కేసి చూస్తున్నారు.